కోడి కంతి నుండి కుందేటి కొమ్ము వరకు: పేటన్ రౌస్ జీవితము

విత్తనము నేలబడిన నాడే మొలకెత్తవలెనను నియమము లేదు. కొన్ని గింజలు తొలివానకే మేల్కొనును. కొన్ని ఏండ్ల తరబడి మట్టిలో మాటుమణగి యుండి, అదను దొరికిన నాడు తలయెత్తును. రోగముల తీరు ఇట్టిదే. శాస్త్రసత్యముల తీరును ఇట్టిదే. ఈ రెండింటికిని తన బ్రతుకే నిదర్శనమైన వైద్యశాస్త్రవేత్త పేటన్ రౌస్. 1911లో, 31 ఏండ్ల ప్రాయమున, ఆయన ప్రకటించిన సత్యమునకు నోబెల్ బహుమతి లభించినది 1966లో. అప్పటికాయనకు 87 ఏండ్లు. నడుమ గడచిన 55 ఏండ్లలో లోకము ఆ సత్యమును శంకించెను, మరచెను, మరల తలచెను. అంతేకాదు, రౌస్ తానే దానిని ఒకప్పుడు విడిచిపోయెను, ఏండ్లు గడచిన పిదప వేరొక దారిన దాని కడకే తిరిగివచ్చెను.

రౌస్ 1879 అక్టోబరు 5వ తేదీన అమెరికా దేశములోని బాల్టిమోర్ నగరమున జన్మించెను. ఆయన పసితనముననే తండ్రి గతించెను. తల్లి బంధువులు టెక్సస్ రాష్ట్రమున నుండిరి. ముగ్గురు బిడ్డలతో వారి పంచకు చేరినచో ఆమెకు ఆసరా దొరికెడిదే. కాని బిడ్డలకు మంచి చదువు బాల్టిమోరులోనే లభించునని తలచి, ఆమె ఆ సౌఖ్యమును కాదనుకొని, ఆ నగరముననే సంసారము నీదుకొని వచ్చెను. తల్లి చేసిన ఆ నిర్ణయమే కుమారుని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు గుమ్మము నెక్కించినది. 1900లో పట్టభద్రుడై, ఆ పిదప అచ్చటి వైద్యకళాశాలలోనే చేరెను. చిన్ననాటనే ఆయనకు అడవిపూలపై మక్కువ కలిగెను. విద్యార్థిగా నున్నప్పుడే ఆ నెల పూచెడి పూలను గూర్చి బాల్టిమోరు పత్రికకు వ్యాసములు వ్రాసి నాలుగు డబ్బులు సంపాదించుకొనెను. ఉన్నదానిని ఉన్నట్లు చూచుట, చూచినదానిని తేటగా చెప్పుట ఆయనకు అప్పుడే అలవడినవి.

వైద్యవిద్య నడుమ ఒక ఆపద వచ్చిపడెను. శవపరీక్ష చేయుచుండగా క్షయ సోకిన ఎముక ఒకటి ఆయన వ్రేలిని గీరెను. ఆ చిన్న గాటునుండి రోగము చంకలోని గ్రంథి వరకు ప్రాకెను. శస్త్రవైద్యులు గ్రంథిని తొలగించి, బయటి గాలిలో కొంతకాలము గడపుమని పంపివేసిరి. క్షయకు మందు లేని రోజులవి. రౌస్ టెక్సస్ చేరి, పశువుల కాపరుల నడుమ ఒక యేడాది గడపెను. పగలు గుఱ్ఱముపై మందలను మళ్ళించుట, రాత్రి నక్షత్రముల క్రింద కటిక నేలపై నిదురించుట. ఆరోగ్యము చక్కబడినది. ఆ యేడాది నాటి సంతోషము తనకు కడదాక తోడుగా నిలిచినదని ఆయన చెప్పుకొనుచుండెడివాడు. ఒంటిలో జొరబడిన రోగబీజము ఎట్లు పొంచియుండునో, ఎట్లు లొంగునో ఆయనకు పుస్తకముకంటె ముందు తన శరీరమే నేర్పినది.

1905లో వైద్యపట్టము పుచ్చుకొనెను గాని, రోగుల మంచము చెంత నిలిచి చికిత్స చేయుటకు తాను తగనని రౌస్ త్వరలోనే గ్రహించెను. రోగము ఎట్లు కుదురునన్న ప్రశ్నకంటె ఎట్లు పుట్టునన్న ప్రశ్న ఆయనను ఎక్కువగా ఆకర్షించెను. మిషిగన్ విశ్వవిద్యాలయమున ఆల్‌ఫ్రెడ్ వార్థిన్ అను ఆచార్యుని వద్ద రోగవిజ్ఞాన శాఖలో చిన్న ఉద్యోగమున కుదిరెను. ఆచార్యుడే ఆయనను జర్మన్ భాష నేర్చుకొమ్మని ప్రోత్సహించి 1907లో డ్రెస్డెన్ నగరమునకు పంపెను. 1909లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ వైద్యపరిశోధనాలయమున చేరగా, అధ్యక్షుడు సైమన్ ఫ్లెక్స్‌నర్ క్యాన్సర్ పరిశోధనల భారమును ఆయనకు అప్పగించెను. మన పెద్దలు రాచపుండని పిలిచిన ఆ వ్యాధి ఆ రోజులలో యువశాస్త్రజ్ఞులకు ఊబివంటిది. అందులో దిగినవారు పైకి రారని శ్రేయోభిలాషులు హెచ్చరించిరి. రౌస్ వినలేదు.

ఆ సంవత్సరమే ఒక కోడిపెట్ట ఆయన బ్రతుకులో ప్రవేశించెను. అది ప్లిమత్ రాక్ జాతిది, చారల ఈకలది. దాని రొమ్ము కుడిప్రక్కన పెద్ద కంతి పెరిగియుండెను. రౌస్ ఆ కంతిని కోసి, ముక్కలను అదే వంశపు కోళ్ళలో నాటగా కంతులు మొలచెను. అంతవరకు వింత లేదు. ఎలుకలలో అట్టి అంట్లు అప్పటికే కట్టియుండిరి. ఆయన మరియొక అడుగు వేసెను. కంతిని నూరి, రసము తీసి, సూక్ష్మజీవులు సైతము దాటలేని బెర్క్‌ఫెల్డ్ వడపోతలో పోసెను. అటు దిగిన ద్రవములో ఒక్క కణము కూడ లేదు. దానిని ఆరోగ్యముగా నున్న కోళ్ళ కెక్కించగా వానికిని కంతులు పుట్టెను. కణములు లేకయే క్యాన్సర్ పుట్టినదన్నచో, పుట్టించినది కంటికానని, వడపోతకు చిక్కని వేరొక పదార్థమై యుండవలెను. వైరస్ అను మాటకు నేటి అర్థము ఇంకను స్థిరపడని కాలమది. రౌస్ ఆ పదార్థమునకు ఆర్భాటమైన పేరేదియు పెట్టక, తాను చూచినంతవరకే 1911లో ప్రకటించెను.

లోకము నమ్మలేదు. వడపోతలో ఎక్కడనో చిల్లి యుండునని, ఒకటి రెండు కణములు జారి యుండునని కొందరనిరి. కోడికి వచ్చినది నిజమైన క్యాన్సర్ కాదనిరి మరికొందరు. నిజమైన క్యాన్సరే యనుకొన్నను, పక్షుల సంగతి పక్షులదే, మనుష్యులకు దానితో నేమి పని యనిరి ఇంకను కొందరు. కోపెన్‌హేగెన్ నగరమున ఎల్లెర్మన్, బాంగ్ అను ఇద్దరు 1908లోనే కోళ్ళ రక్తక్యాన్సర్ వడపోసిన రసముతో సంక్రమించునని చూపియుండిరి. వారి మాటయు ఇట్లే గాలికి పోయియుండెను. రౌస్ విమర్శకులతో వాదమునకు దిగక, ఎలుకల కంతులనుండి కూడ అట్టి పదార్థమును వడపోయ ప్రయత్నించెను. ఏండ్లు గడచెను, ఒక్కమారైనను ఫలము కనబడలేదు. తుదకు 1915లో ఆ పనిని కట్టిపెట్టెను. తాను కన్నది సత్యమని ఎరిగియు, దానిని మరియొక జీవిలో నిరూపింపజాలక, చేతులు ముడుచుకొనవలసి వచ్చుటకంటె పరిశోధకునికి పెద్ద శిక్ష యుండదు.

ఆ సంవత్సరమే ఆయన మేరియన్ డికే అను ఆమెను వివాహమాడెను. దంపతులకు ముగ్గురు కుమార్తెలు కలిగిరి. మొదటి ప్రపంచయుద్ధము జరుగుచున్న కాలమున రౌస్, టర్నర్ అను సహచరునితో కలిసి, నెత్తురును శరీరము వెలుపల చెడకుండ నిలువజేయు విధానమును కనిపెట్టెను. సిట్రేటు లవణమును చక్కెర ద్రావణమును చేర్చినచో రక్తకణములు వారముల తరబడి నిలిచియుండును. ఆ విధానమును ఆధారము చేసికొని ఓస్వాల్డ్ రాబర్ట్‌సన్ అను వైద్యుడు 1917లో యుద్ధరంగమున రక్తనిధిని నడపి, ఎందరో సైనికుల ప్రాణములు కాపాడెను. నేడు ఆసుపత్రులలో నిలువ యుంచు నెత్తురు సీసాల వంశవృక్షమునకు వేరు అచ్చట నున్నది. ట్రిప్సిన్ అను జీర్ణరసముతో కణజాలమును విడదీసి ప్రాణముతోనున్న కణములను వేరుచేయు పద్ధతియు రౌస్ ప్రయోగశాలనుండి వచ్చినదే. ఆ పిమ్మట కాలేయము, పిత్తాశయములను గూర్చి ఏండ్ల తరబడి పరిశోధించెను. క్యాన్సరును మాత్రము ముట్టలేదు.

కథ మలుపు తిరిగినది కుందేళ్ళ వలన. అమెరికా మధ్యసీమలో అయోవా, కాన్సాస్ రాష్ట్రముల వేటగాండ్రు కొమ్ముల కుందేళ్ళను గూర్చి చెప్పుకొనుచుండిరి. రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయపు ప్రిన్స్‌టన్ శాఖలో పనిచేయుచున్న రిచర్డ్ షోప్ అయోవావాడే. ఆయన ఆ కుందేళ్ళను తెప్పించి పరీక్షించెను. అవి కొమ్ములు కావు. చర్మముపై పెరిగి గట్టిపడిన పులిపిరులు. వానిని నూరి వడపోసిన రసముతో ఇతర కుందేళ్ళకును పులిపిరులు వచ్చునని షోప్ 1933లో ప్రకటించెను. పాలిచ్చు జంతువులలో పులిపిరులు పుట్టించు పాపిలోమా వైరస్‌లపై ప్రయోగపరిశోధనకు అదియే గట్టి పునాది. పరిశోధకుల లోకమున ఎవరు కనుగొన్న నిక్షేపమును వారు గట్టిగా పట్టుకొనుట సహజము. షోప్ అట్లు చేయలేదు. ఇరువది యేండ్ల క్రిందట కోడి కంతితో ఓడిపోయి నిలిచిన పెద్దను తలచుకొని, ఈ వైరసును పరిశోధింపుమని రౌస్‌కు అప్పగించెను. అప్పటికి రౌస్ ఏబదిదాటినవాడు.

జోసెఫ్ బియర్డ్ అను యువకుని తోడు చేసికొని రౌస్ పనికి దిగెను. అడవికుందేటి వైరసును పెంపుడు కుందేళ్ళ చర్మమున నాటి, కాచుకొని కూర్చుండెను. మొదట మామూలు పులిపిరులే మొలచెను. కొన్ని ఎండి రాలిపోయెను. కొన్ని నిలిచిపోయెను. నిలిచినవానిలో పెక్కు నెలలు గడచిన పిదప గుణము మారి, లోనికి వేళ్ళుతన్ని, నిజమైన క్యాన్సర్లుగా పరిణమించెను. 1935లో వారీ సంగతిని ప్రకటించిరి. కోడికే గాని పాలిచ్చు జంతువునకు వర్తింపదన్న వాదము అంతటితో బలహీనపడెను. అంతకంటె ముఖ్యమైన పాఠము వేరొకటి కలదు. వైరస్ సోకుట ఒక సంగతి. సోకి నిలిచియుండుట వేరొక సంగతి. కీడంతయు ఆ నిలుకడలోనే యున్నది.

ఇక్కడ ఒక చిక్కు ఎదురయ్యెను. సహజముగా వైరస్ నివసించు అడవికుందేటి పులిపిరులలో అది సమృద్ధిగా దొరకెడిది; నూరి వడపోసినచో మరల మరల రోగము పుట్టించెడిది. కాని పెంపుడు కుందేటి పులిపిరులను నూరినచో రసములో వైరస్ దాదాపు కనబడకుండెను. ఆశ్చర్యమేమనగా, క్యాన్సర్లుగా మారుట పెంపుడు కుందేళ్ళలోనే ఎక్కువ. వైరస్ విరివిగా దొరకు చోట కీడు తక్కువ, దొరకని చోట కీడు ఎక్కువ! అది లేదా? ఉండియు కనబడుటలేదా? జాన్ కిడ్ అను సహచరునితో రౌస్ ఒక కుందేటి క్యాన్సరును ఒక జంతువునుండి మరియొక జంతువునకు అంటుకట్టుచు పోయెను. కంతిలో వైరస్ దొరకలేదు. కాని అంటు పెరిగిన కుందేళ్ళ నెత్తురులో ఆ వైరసునకు విరుగుడుగా ప్రతిరక్షకములు పుట్టియుండెను. దొంగ కనబడకపోయినను ఇంటి కుక్క మొరిగినట్లు, వైరస్ ముసుగు కప్పుకొని లోపల నున్నదనుటకు అది సాక్ష్యము. 1940లో ఈ సంగతి వెలువడెను.

నోటి సంగతియు ఆ ప్రయోగశాలలోనే బయటపడినది. రాబర్ట్ పార్సన్స్, జాన్ కిడ్ అనువారు పెంపుడు కుందేళ్ళ నాలుక క్రింద చిన్న తెల్లని పులిపిరులను గమనించి, అవి షోప్ వైరసుకంటె వేరైన మరియొక వైరస్ వలన పుట్టుచున్నవని 1943లో ప్రకటించిరి. పులిపిరులున్న కుందేళ్ళ నోరు కడిగిన నీటిలో ఆ వైరస్ తరచుగా దొరకెను. పులిపిరి ఒక్కటియు లేని కొన్నింటి నోటిలోను దొరకెను. రోగచిహ్న మేదియు లేకయే నోటిలో వైరస్ కాపురముండగలదనుట కిది తొలి ఉదాహరణములలో నొకటి. నేడు వైద్యులు మనుష్యుల చేత నోరు పుక్కిలింపించి, ఆ నీటిలో పాపిలోమా వైరస్ కొరకు వెదకుచున్నారు. ఆ వెదకులాటకు పూర్వరంగము ఆ కుందేళ్ళ బోనులలో జరిగినది.

రౌస్ మరియొక ప్రశ్న వేసికొనెను. వైరస్ ఒక్కటియే చాలునా? కుందేటి చెవులకు తారు పూసి, పిదప వైరసును నెత్తురులోనికి ఎక్కించెను. తారు పూసిన చోటనే పులిపిరులు లేచి, కొన్ని త్వరత్వరగా క్యాన్సర్లయ్యెను. వేరొక ప్రయోగమున తారు మాత్రమే పూసి, పుట్టిన పులిపిరులు రాలిపోవు వరకు ఆగెను. చర్మము చక్కబడినట్లే కనబడెను. అప్పుడు చెవికి రంధ్రము పొడువగా, గాయము మానుచున్న అంచున కంతులు మరల లేచెను. కణములు లోలోపల మారియుండి, మరియొక ప్రేరణ కలుగువరకు నిదురించుచుండునని దాని భావము. క్యాన్సరును ఆరంభించునది ఒకటి, దానిని పోషించి పెంచునది వేరొకటి యను సిద్ధాంతమును ఆయన 1944లో ఫ్రీడ్‌వాల్డ్ అను సహచరునితో కలిసి విశదపరచెను. ఆ రెండు మాటలు నేటికిని క్యాన్సర్ శాస్త్రమున నిలిచియున్నవి.

1945లో పదవీవిరమణ చేసినను ప్రయోగశాలకు పోవుట మానలేదు. ప్రయోగవైద్య పత్రికకు ఆయన సుమారు అర్ధశతాబ్దము సంపాదకుడుగా నుండెను. యువకులు పంపిన వ్యాసములను వాక్యము వాక్యమునకు దిద్దెడివాడు. ఎరిగినదానికంటె ఒక్క మాట ఎక్కువ చెప్పినను ఒప్పుకొనెడివాడు కాడు. 1958లో హ్యారీ రూబిన్, హోవర్డ్ టెమిన్ అనువారు గాజుపాత్రలలో పెంచిన కణములపై రౌస్ కోడి వైరసు పనిని లెక్కించు విధానమును చూపిరి. దానితో ఆ పాత వైరస్ ఎన్నో ప్రయోగశాలలకు ప్రియమైన సాధనమయ్యెను. పెద్ద కుమార్తె భర్త, ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆలన్ హాడ్జ్‌కిన్, 1963లో నోబెల్ బహుమతి నందుకొనెను. అల్లునికి వచ్చిన మూడేండ్లకు మామగారి వంతు వచ్చినది!

ఆ ఆలస్యమునకును ఒక కారణము చెప్పుదురు. రౌస్ పేరు 1926లోనే బహుమతి సంఘము ముందుకు వచ్చియుండెను. ఆ సంవత్సరపు బహుమతి మాత్రము, పురుగుల వలన ఎలుకలకు క్యాన్సర్ వచ్చునని చెప్పిన జోహాన్నెస్ ఫిబిగర్‌కు దక్కెను. ఆ సిద్ధాంతము నిలువలేదని పిమ్మట తేలినది. ఒకమారు చేయి కాల్చుకొన్నవారు నిప్పుకు వెఱచినట్లు, క్యాన్సర్ కారణములను గూర్చిన పరిశోధనలకు బహుమతి నిచ్చుటకు ఆ సంఘము చాలకాలము జంకెను. 1966లో చార్లెస్ హగ్గిన్స్‌తో పాటు రౌస్‌కు బహుమతి దక్కెను. కుందేళ్ళను అప్పగించిన మిత్రుడు షోప్ అదే 1966లో కన్నుమూసెను.

సత్యసంధునికిని అంధబిందువు ఒకటి యుండును. కణములోని జన్యువులు మారుటయే క్యాన్సరునకు మూలమను వాదమును రౌస్ కడదాక ఒప్పుకొనలేదు. నోబెల్ సభలో చేసిన ప్రసంగముననే దానిని ఖండించెను. 1970 ఫిబ్రవరి 16వ తేదీన, 90 ఏండ్ల వయస్సున, ఏ వ్యాధిని జీవితమంతయు వెంటాడెనో ఆ క్యాన్సరుతోనే న్యూయార్కున మరణించెను. 1976లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్, వారి సహచరులు రౌస్ కోడి వైరసులోని క్యాన్సర్ జన్యువు నిజమునకు కోడి కణమునుండి వైరస్ ఎత్తుకొని పోయినదే యని చూపిరి. ఆయన కాదన్న సత్యమునకు ఆయన వైరసే సాక్ష్యము చెప్పినది. అయినను అది రౌస్ ఓటమి కాదు. గురువు చెప్పినదానిని గురువు వెలిగించిన దీపముతోనే సవరించుట శాస్త్రధర్మము.

కుందేటి చిక్కుముడియు విడినది. వైరస్ కణములు దొరకని ఆ కంతులలో వైరస్ జన్యుపదార్థము ఒక్కొక్క కణమున పలు ప్రతులుగా నిలిచియున్నదని 1979లో వెల్లడియైనది. రౌస్ చెప్పిన ముసుగు అదియే. 1983లో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందము గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరులో మానవ పాపిలోమా వైరస్ 16వ రకమును కనుగొనెను. దానికి 2008లో నోబెల్ లభించెను. నాలుక మొదట, టాన్సిల్ గ్రంథులలో పుట్టు కొన్ని క్యాన్సర్లకును అదే రకము కారణమని పిమ్మట స్థిరపడెను.

నేటి పరిశోధకులు నోటి వైరసును గూర్చి అడుగుచున్నవి రౌస్ కుందేళ్ళ ముందు కూర్చుండి అడిగిన ప్రశ్నలే. ఎంత వైరస్ ఉన్నది? ఎంతకాలము నిలుచును? నోటిలో సోకిన వైరస్ చాలమందిలో ఏడాది లోపలనే తనంత తాను తొలగిపోవును. కొద్దిమందిలో మాత్రము ఏండ్ల తరబడి నిలుచును. మొదట పరిమాణము హెచ్చుగా నున్నవారిలో అది నిలిచిపోవు అవకాశము హెచ్చని పరిశీలనలు సూచించుచున్నవి. అయినను పరిమాణ మొక్కటే కీడును నిర్ణయింపదని, వైరస్ సోకిన ప్రతివానికిని క్యాన్సర్ రాదని గుర్తుంచుకొనవలెను. కొమ్ముల కుందేళ్ళలో అన్నియు క్యాన్సరున పడలేదు. కుక్కల నోటి పులిపిరులను టీకాతో ముందుగానే అడ్డుకొనవచ్చునని 1995లో తేలెను. 2006లో మనుష్యులకు పాపిలోమా టీకా అందుబాటులోనికి వచ్చెను.

వైరస్ నిలుకడ వలన కీడు కలుగును. మనుష్యుని నిలుకడ వలన మేలు కలుగును. ఒక కోడిపెట్టను చూచి పుట్టిన అనుమానమును విడిచియు విడువక, అరువది యేండ్లు గుండెలో మోసిన పేటన్ రౌస్ బ్రతుకు ఈ రెండు నిలుకడల నడుమ జరిగిన పోరాటము. ఆయన ఆ పోరును ముగించి పోలేదు. శత్రువు ఎక్కడ దాగునో మాత్రము చూపిపోయెను.